చదివింపుల బల్ల

పల్లెటూరి పెళ్లికి వెళ్లొచ్చి రాసేవాళ్లకు ఒక వాడుక దారి ఉంది. అరటాకు దగ్గర మొదలుపెడతారు. పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, చిల్లుపెట్టి నెయ్యి పోసిన బూరె. ఆకు మడిచే వేళకి 'ఆ రోజులే వేరు' అనేస్తారు. నేనూ తిన్నాను, మారు వేయించుకుని మరీ తిన్నాను. కానీ నేను రాయాలనుకున్నది భోజనం గురించి కాదు. పందిరి మొదట్లో, చెప్పులు విడిచే చోటు పక్కన, ఒక బల్ల వేసుకుని, చదివింపులు రాసే పొడుగు పుస్తకంతో ఇద్దరు పెద్దమనుషులు కూర్చుంటారే, వాళ్ల గురించి. చదువుకుని పట్నం పోయినవాళ్లం ఆ బల్ల పక్కనుంచి కాస్త ఇబ్బందిగా దాటుకుపోతాం. పిలిచి భోజనం పెట్టి డబ్బులు రాయించుకోవడమేమిటని లోపల్లోపల అనుకుంటాం. ఆ ఇబ్బంది అక్కర్లేదని నా వాదన. పెళ్లిలో డబ్బు గురించి సిగ్గుపడాల్సిన చోటు ఇంకొకటి ఉంది, దానికీ వస్తాను.

పెళ్లి నా స్నేహితుడి ఇంట్లో. మావాడూ నేనూ కాకినాడలో డిగ్రీ చదివేటప్పుడు ఒకే గదిలో ఉండేవాళ్లం. నేను పరీక్షలు రాసి బ్యాంకులో పడ్డాను, ఊళ్లు తిరిగి చివరికి హైదరాబాదులో రిటైరయ్యాను. వాడు డిగ్రీ అవగానే కోనసీమలో తన ఊరికి వెళ్లిపోయి కొబ్బరితోట చూసుకుంటూ ఉండిపోయాడు. వాడి పెద్దమ్మాయి బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తోంది. అక్కడే పనిచేసే నరసాపురం అబ్బాయితో పెళ్లి. ముందు వాళ్లిద్దరూ కుదుర్చుకున్నారు, తర్వాత పెద్దలు కుదిర్చినట్టు చెప్పుకున్నారు. అమలాపురంలో ఏసీ ఫంక్షన్ హాలు తీసుకుందామని అమ్మాయి, ఇంటిముందు పందిరే పడాలని నాయనమ్మ. నాయనమ్మ నెగ్గింది. తాటాకు పందిరి మీద షామియానా, లోపల పెడస్టల్ ఫ్యాన్లు, వైశాఖమాసం ఎండ.

రైలు రాజమండ్రి దాకానే. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 2004లో పట్టాలు మళ్లీ పడ్డాయి గానీ, గోదావరి దాటి అమలాపురం చేరే రైలు గురించి నా ఉద్యోగకాలమంతా వింటూనే ఉన్నాను. రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా బస్సు, అక్కణ్ణుంచి కాలవగట్టు మీద ఆటో. ఆటో అబ్బాయి ఇంటిపేరు అడిగాడు, ఎవరి పెళ్లికో వాడే చెప్పేశాడు, డబ్బులు తీసుకునేటప్పుడు "నేనూ రాత్రికి వస్తానండి, రాయించాలి" అన్నాడు. రాయించాలి అన్నమాట వాడు ఎంత మామూలుగా అన్నాడో, మనం కరెంటు బిల్లు కట్టాలి అన్నట్టే.

సాయంత్రం ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. పందిట్లో అన్నిటికన్నా గాలి తగిలే చోటు అది. పుస్తకం అట్ట నాలుగు మూలలా పసుపు. మొదటి పేజీ పైన శ్రీరామ, దాని కింద తమలపాకు అద్దిన మరక. మొదటి పద్దు మేనమామది. రాసేది రిటైరైన ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, ఊళ్లో సగం మంది చేత అక్షరాలు దిద్దించినవాడు. పక్కన డబ్బు లెక్కపెట్టే ఆయన, ఒళ్లో జిప్పు సంచీ. మూడోవాడు కుర్రాడు, వాడి పని క్యూఆర్ కోడు అతికించిన అట్ట పట్టుకుని, ఫోన్‌పేలో డబ్బు పడగానే పేరు, అంకె పైకి చెప్పడం. ఫోనులో పడినదైనా పుస్తకంలోకి ఎక్కాల్సిందే, మాస్టారు ఆ విషయంలో పట్టుదల మనిషి.

ఊరు, ఇంటిపేరు, పేరు, మొత్తం. సత్తిబాబులు ఊరికి డజను మంది ఉంటారు కాబట్టి పక్కన గుర్తు కూడా రాస్తారు: లారీ సత్తిబాబు, వంతెన కింద సత్తిబాబు, పొట్టి సత్తిబాబు. ఆ పొట్టి సత్తిబాబు ఆరడుగులున్నాడు, వాళ్ల తాత పొట్టివాడట. ఇచ్చేవాళ్లు నోట్లు విప్పి పైకే ఇస్తారు. హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చిన మాలాంటివాళ్లం మాత్రం బంగారు రంగు గీతల కవరు పట్టుకొచ్చి, పెళ్లికూతురి చేతికిద్దామని చూస్తాం. లెక్కపెట్టే ఆయన ఊరుకోడు. "ఇలా ఇవ్వండి బాబూ" అని తీసుకుని, మన ఎదురుగానే కవరు చించి, నోట్లు వేలికి తడి చేసుకుని లెక్కపెట్టి, అంకె పైకి చెప్తాడు. నా ముందున్న బెంగళూరు కుర్రాడు, అమ్మాయి ఆఫీసువాడు, సిగ్గుతో ఎర్రబడిపోయాడు. మాస్టారు వాణ్ణి ఊరు అడిగి, "బెంగుళూరు" అని రాసి, ఇంటిపేరు అడిగి, వాళ్ల నాన్నగారి పేరు కూడా అడిగారు. ఏ ఇంటి బాకీయో తెలియకుండా పద్దు ఎలా రాస్తారు మరి.

అంకెలు నూట పదహారు, ఐదు వందల పదహారు, వెయ్యి నూట పదహారు. ఈ పదహారుకి నిజాం నాణేన్ని కారణంగా చెప్పే కథ ఒకటి ప్రచారంలో ఉంది: వంద బ్రిటిష్ రూపాయలకు సుమారు నూట పదహారు హాలీ సిక్కాలు వచ్చేవని. కథ బాగానే ఉంది గానీ, గోదావరి జిల్లాలు కలిసి ఉన్న ఉత్తర సర్కారులను నిజాం 1766లోనే ఈస్టిండియా కంపెనీకి ఒప్పజెప్పాడు. గోదావరి జిల్లాలకి ఆ మారకం లెక్క ఎలా అంటుకుందో ఆ కథ చెప్పేవాళ్లెవరూ చెప్పరు.

ఇంతకీ ఈ బల్ల ఉండకూడదనే ముందు నిర్ణయమైంది. కార్డు ప్రూఫు వచ్చినప్పుడు చూస్తే కింద ఒక వరస ఉందట: మీ ఆశీస్సులే మాకు బహుమానం, దయచేసి బహుమతులు తేవద్దు. అమ్మాయి వేయించింది. వాళ్ల ఆఫీసులో అందరి కార్డుల మీదా అదే ఉంటుంది. మావాడు ప్రింటింగు ఆపించి బెంగళూరు ఫోన్ చేశాడు.

"డబ్బులకి ఇబ్బందైతే నేనిస్తాను గదా నాన్నా, ఊరందరి దగ్గరా ఎందుకు?" అందట.

"ఇబ్బంది నాది కాదమ్మలూ. ఇన్నేళ్లు ఎన్ని పెళ్లిళ్లలో వేసొచ్చానో అన్ని ఇళ్లోళ్లకీ ఇదే గదా తీర్చుకునే రోజు. వద్దని కార్డేస్తే వాళ్లు ఏం చెయ్యాలి? బాకీతోనే ఉండిపోమంటావా?"

వాడు చెప్తుంటే నాకు మొదట నవ్వొచ్చింది, ఆ తర్వాత ఆలోచనలో పడ్డాను. బ్యాంకులో కూర్చున్నన్నాళ్లూ బాకీ రాబట్టుకోవడం ఎలా అనే చూశాను. అప్పిచ్చినవాడు వసూలు చేసుకోకపోవడం ఎదుటివాడికి అవమానం కావచ్చునని ఏ సర్క్యులర్‌లోనూ చదవలేదు.

మావాడి పట్టుదలకి వెనక ఒక పుస్తకం ఉంది. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. మునిగిన వరి వచ్చే ఏటికి మళ్లీ పండుతుంది. కొబ్బరి అలా కాదు, మొక్క పెట్టాక కాపు చూడడానికి ఐదారేళ్లు, దేశవాళీ రకమైతే ఇంకా ఎక్కువ. వీడి చెల్లెలి పెళ్లి అప్పటికే ఆ మాఘమాసానికి అనుకుని ఉన్నారు. అంబాజీపేట కొబ్బరి కొట్లో వాళ్ల నాన్నకి ఏటా దొరికే అడ్వాన్సు ఆ ఏడు దొరకలేదు. చెట్లే లేకపోతే కాయ మీద అడ్వాన్సు ఎవడిస్తాడు? మగపెళ్లివారు వాయిదాకి ఒప్పుకోలేదు. ఊళ్లో చెట్లు పడని ఇల్లు లేదు. అయినా రాయించారు. కొందరు వెనక తీసుకున్నదానికి రెట్టింపు రాయించారు. తుఫాను అంతగా తగలని మెట్టప్రాంతం చుట్టాలు బియ్యం బస్తాలు దింపి, దాని ఖరీదు రాయవద్దన్నారు. ఆ పెళ్లికి బయట అప్పు దాదాపు అక్కర్లేకపోయిందని వాడి మాట.

ఆ పుస్తకం నాకు చూపించాడు. అంచులు చెద కొట్టేసింది. తీర్చిన ప్రతి పద్దు మీదా అడ్డగీత, పక్కన ఏ సంవత్సరం, ఎవరి పెళ్లి. గీత పడని పద్దులు కొన్ని మిగిలాయి. ఊరొదిలి వెళ్లినవాళ్లవి, ఇంట్లో మరి శుభకార్యం జరగనివాళ్లవి. వాటి దగ్గర వేలు పెట్టి, "ఈళ్లకేం చెయ్యాలో తెలీట్లేదురా" అన్నాడు.

ఇప్పుడు నా వాదన. బహుమతులు వద్దని కార్డు వేయడాన్ని మనం సంస్కారంగా చెప్పుకుంటున్నాం. నాకది డబ్బున్న తనపు ప్రకటన లాగే కనిపిస్తుంది. నీ ఐదొందలు నాకు అక్కర్లేదు, నీ ఇంటికి నేను ఏమీ బాకీ పడను, అందుకని రేపు నీ ఇంట్లో పెళ్లయితే రావాల్సిన పనీ లేదు. ఆ కార్డు అసలు అర్థం ఇదే. ఇందులో తమాషా ఏమిటంటే, బహుమతి వద్దన్న ఇంట్లోనే వెళ్లేటప్పుడు చేతిలో ఒక సంచీ పెడతారు, రిటర్న్ గిఫ్ట్ అని. పుచ్చుకోనిదానికి తిరిగివ్వడం ఏమిటో! దానివల్ల పిలిచినవాడు ఎప్పుడూ ఇచ్చేవాడుగానే ఉంటాడు, వచ్చినవాడు పుచ్చుకునేవాడుగానే మిగిలిపోతాడు. హైదరాబాదులో అలాంటి పెళ్లిళ్లకి నేను చాలా వెళ్లాను. భోజనం బ్రహ్మాండం, వెండి కుంకుమభరిణె సంచీలో. బయటికొచ్చాక ఆ ఇంటితో నాకున్న సంబంధం ఏమిటో నాకు అర్థం కాదు. సినిమా చూసొచ్చినట్టుంటుంది.

వృత్తిరీత్యా లెక్క చెప్పకుండా ఉండలేను. నాలుగు వందల ఇళ్లు తలా ఐదొందలు వేస్తే రెండు లక్షలు. అదే రెండు లక్షలు ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి నాలుగు వేలు, ఏడాదికి నలభై ఎనిమిది వేలు. బ్యాంకు ఇస్తుందా అంటే, జీతం చీటీ లేనివాడికి పర్సనల్ లోను పుట్టదు. అందుకే పల్లెల్లో పెళ్లిళ్ల వెనక తాకట్టు బంగారం ఉంటుంది. నా ఉద్యోగకాలంలో ఆ బంగారం అప్పుని పంట రుణం కింద రాసుకుంటే మూడు లక్షల దాకా ఏడు శాతం, వేళకి కడితే నాలుగే ఉండేది. ఆ కాయితాల మీద ఎరువులకని రాసిన డబ్బు ఎన్ని పెళ్లిళ్లలో బూరెలయిందో నాకు తెలుసు, నా సంతకాలు కూడా ఉన్నాయి. చదివింపులకి వడ్డీ లేదు, హామీ సంతకం లేదు, గడువు లేదు. తిరిగివ్వాల్సింది అప్పిచ్చినవాడికి డబ్బు అవసరమైన రోజునే. ఏ చిట్టీ కంపెనీ ఇలాంటి స్కీము పెట్టగలదు?

పెరిగే ధరల సంగతి ఏమిటని ఒకరు అడిగారు. దానికీ పద్ధతుంది. వాళ్లు వేసినదానికి కొంత కలిపి వేయాలి, ఉన్నంతే వేస్తే ఖాతా మూసేస్తున్నట్టు లెక్క. ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఏదో కొంచెం అటో ఇటో మిగిలి ఉండాలి. మాస్టారు ఈ విషయం చాలా మామూలుగా చెప్పారు. నేను మాత్రం దాన్ని ఆ రాత్రంతా నమిలాను.

సిగ్గుపడాల్సిన చోటు ఇంకొకటుందన్నాను. పెళ్లిలో చేతులు మారే డబ్బులో పది మంది ఎదుట, పేరు రాసి, అంకె పైకి చెప్పి పుచ్చుకునేది ఈ చదివింపులొక్కటే. అసలు పెద్ద మొత్తాలు ఎక్కడో లోపలి గదిలో, తలుపు వేసుకుని మాట్లాడుకుంటారు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. పెళ్లికి వచ్చిన కానుకలన్నిటికీ వధువు వైపు ఒక జాబితా, వరుడి వైపు ఒక జాబితా రాసిపెట్టాలని, ఎవరిచ్చారు, ఏ వరస, విలువ ఎంత అన్నీ అందులో ఉండాలని, ఇద్దరూ సంతకాలు చేయాలని 1985లో నిబంధనలు కూడా వచ్చాయి. ఆ జాబితా రాసిన పెళ్లిని నేను ఇంతవరకూ చూడలేదు. సత్తిబాబు ఐదొందల పదహారుకి మాత్రం పద్దు ఉంటుంది. ఎకరం పొలానికీ, కారుకీ ఉండదు. ఈ పెళ్లిలో కట్నం లేదన్నారు. ఉందో లేదో నేను కూపీ లాగలేదు గానీ, పందిరి నుంచి వీడియో దాకా ఖర్చంతా ఆడపెళ్లివారిదేనని కళ్లారా చూశాను. అబ్బాయి, అమ్మాయి జీతాలు ఒక్కటే.

అయితే చదివింపుల్లో అంతా మంచే అని నేననడం లేదు. వైశాఖ, జ్యేష్ఠాల్లో ముహూర్తాలు వరసగా పడితే కూలిపని చేసుకునే ఇంటికి వారానికి రెండు శుభలేఖలొస్తాయి. రాయించకుండా తిని వస్తే మాట పడాలి, రాయించాలంటే అప్పు చేయాలి. వడ్డీ లేని అప్పు తీర్చడానికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్లు ఉన్నారు. మైకులో అంకెలు చదివే ఊళ్లు కొన్ని ఉన్నాయి, అక్కడ అది వేలంపాట అవుతుంది. ఈ ఊళ్లో ఆ అలవాటు లేదు, మావాడి ఇంట్లో మైకు నాదస్వరం వాళ్లకే.

ఇది ఎక్కడిదాకా పోగలదో చూడాలంటే తమిళనాడు వెళ్లాలి. పుదుక్కోట్టై, తంజావూరు జిల్లాల్లో కీరమంగళం, పేరావూరణి చుట్టుపక్కల ఆడిమాసం రాగానే మొయ్ విందులు పెడతారు. పెళ్లీ లేదు, పేరంటమూ లేదు, చదివింపుల కోసమే విందు. వేటమాంసం భోజనం పెట్టి, బల్లలు వేసి, లక్షల్లో, ఒక్కోసారి కోట్లలో పోగు చేసుకుంటారు. ఆ డబ్బుతో బోరు వేసుకున్నవాళ్లు, పిల్లల్ని చదివించుకున్నవాళ్లు ఉన్నారు, తిరిగి వేయలేక చితికిపోయినవాళ్లూ ఉన్నారు. అందులోంచి పెళ్లిని తీసేశారు కాబట్టే అది అంత పెరిగిందని నాకనిపిస్తుంది. పెళ్లి ఇంటికి రెండు మూడే జరుగుతాయి. అదే ఈ పద్ధతికి కళ్లెం.

నాకు బాగా గుచ్చుకున్నది వేరే. చీకటి పడ్డాక, మావాడి తోటలో చెట్లెక్కి కాయలు దింపే మనిషి వచ్చాడు, అరవై దాటినవాడు, ఇస్త్రీ చొక్కా, భుజం మీద కొత్త తువ్వాలు. బల్ల దగ్గరికి వచ్చి వెయ్యి నూట పదహార్లు బల్ల మీద పెట్టాడు. లెక్కపెట్టే ఆయన ఒక్క క్షణం ఆగాడు. మాస్టారు రాస్తూ, "అంతెందుకురా?" అన్నారు. "మా పిల్ల పెళ్లికి ఆయన వెయ్యేశారండి" అన్నాడు. రాసింది తన పేరేనా అని అక్షరం మీద వేలుపెట్టి చూసుకున్నాడు. తర్వాత నేను అతన్ని భోజనాల దగ్గర వెతికాను. పన్నెండు దాటాక, చుట్టాలందరూ లేచాక వేసిన బంతిలో, కొబ్బరికాయలు వలిచే పనివాళ్లతో కలిసి చివర కూర్చున్నాడు. ఎవరూ అక్కడ కూర్చోమనలేదు. ముందు బంతిలోకి రమ్మని కూడా ఎవరూ పిలవలేదు. మావాణ్ణి అడిగితే, "నేను చెప్తే కూర్చుంటాడా, ఆడికే మొహమాటం" అన్నాడు. ఆ జవాబు నేను ఒప్పుకోలేదు, పెళ్లివారింట్లో తగువెందుకని అప్పటికి ఊరుకున్నాను. మర్నాడు అన్నాను. పుస్తకంలో వాడి పేరు మీ అమ్మాయి మేనమామ పేరు రాసిన చేత్తోనే, అదే సైజులో రాశారు గదా, బంతిలో ఎందుకు జరగదని. వాడు చాలాసేపు మాట్లాడలేదు. పల్లెటూరి పెళ్లి మీద నాకు భ్రమలు లేవు. కానీ ఆ రాత్రి ఆ మనిషికి సమానంగా చోటిచ్చింది పందిరి మొత్తంలో ఆ బల్ల ఒక్కటే. బహుమతులు వద్దని కార్డు వేసి ఉంటే అదీ ఉండేది కాదు, బంతి మాత్రం అలాగే ఉండేది.

ఇక పెళ్లి. ముహూర్తం రాత్రి రెండు దాటాక. అడ్డుతెర, జీలకర్రా బెల్లం, గట్టిమేళం. తెర దించిన క్షణం నాకు కనిపించలేదు, కెమెరాల వాళ్ల వీపులు కనిపించాయి. డ్రోను ఒకటి పందిరి చూరు కింద తిరుగుతూ పురోహితుడి కండువా ఎగరగొట్టింది. అరుంధతిని చూపించడానికి బయటికి తీసుకెళ్లేసరికి మబ్బు పట్టింది. మధుపర్కాల్లో ఆ పిల్ల చాలా బాగుంది. ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు, మీరు చూసిన పెళ్లిళ్లలాగే జరిగింది.

పొద్దున్న అరుగు మీద లెక్క చూశారు. పెళ్లి మర్నాడు అసలు సరదా ఇదే. మాస్టారు పేరు చదవడం, మావాడు పాతపుస్తకాలు తిరగేసి మనం వాళ్లకి ఎప్పుడు ఎంత వేశామో చెప్పడం, మధ్యలో ఆ ఇంటి కథ ఒకటి. ఫలానా ఇంటి రెండోవాడు కువైట్ నుంచి వచ్చేశాడు, ఫలానావిడకి కన్ను ఆపరేషన్. వాడి తల్లి గుమ్మంలో కూర్చుని తప్పులు సరిదిద్దుతోంది. పుస్తకంలో లేనివి ఆవిడకి నోటికొచ్చు. నాలుగు వందల ఇళ్ల సమాచారం గంటన్నరలో అరుగు మీదికొచ్చింది.

అమ్మాయి, అల్లుడు కూడా వచ్చి కూర్చున్నారు. ఆ పిల్ల ప్రతి పేజీకీ ఫోనులో ఫోటో తీసుకుంది. "బాబాయ్, ఇదంతా ఎక్సెల్‌లో ఎక్కిస్తాను. నాన్న తర్వాత నేనే చూసుకోవాలిగా" అంది. కార్డు మీద బహుమతులు వద్దని వేయించిన పిల్లే. మనసు మారిందని నేననుకోవడం లేదు, ఎందుకంటే వెంటనే అడ్డుప్రశ్న వేసింది: "ఇన్ని పేర్లలో ఆడవాళ్లెక్కడ?" చూస్తే నిజమే. వేసింది అత్తయ్య, పద్దు మావయ్య పేరు మీద. భర్త పోయిన ఇళ్ల పద్దులు పదో తరగతి చదివే కొడుకుల పేర్ల మీద. ఆడవాళ్ల పేర్లున్నది ఒక్క చోటే, డ్వాక్రా సంఘం పదిమందీ కలిసి రెండు వేలు వేసి, పదిమంది పేర్లూ వరసగా రాయించుకున్నారు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఆళ్లు గట్టిగా నిలబడి రాయించేరమ్మా, రాయకపోతే ఊరుకునేలా లేరు" అన్నారు.

దానికి నేను ఒక బ్యాంకు ముక్క కలిపాను. చుట్టరికం లేనివాళ్ల నుంచి ఏడాదిలో యాభై వేలు దాటి కానుకలు వస్తే ఆదాయపు పన్ను ఉంది, పెళ్లి సందర్భంగా పెళ్లి చేసుకున్నవాళ్లకి వస్తే లేదు. ఆ మినహాయింపు పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ గాని, పెళ్లి చేసిన తండ్రికి కాదు. ఆ లెక్కన పన్ను పడకూడదంటే ఈ డబ్బు అమ్మాయిది కావాలి. మావాడు నా వైపు ఉరిమి చూశాడు. అల్లుడు నవ్వాపుకోలేకపోయాడు. "అయితే నాన్నా, షామియానా వాడికి నేనే కడతాను, పుస్తకం నా పేరు మీద మార్చు" అంది ఆ పిల్ల. మావాడు ఔననలేదు, కాదనలేదు. ఇప్పటిదాకా వాడి పేరు మీదే ఉందని విన్నాను. ఎక్సెల్‌లో మాత్రం ఆడవాళ్ల పేర్లు వాళ్ల నాయనమ్మని అడిగి ఒక్కొక్కటే నింపుతోందట.

నేను బయల్దేరుతుంటే మాస్టారు పుస్తకం తెరిచి నా పద్దు దగ్గర ఆగారు.

"హైదరాబాదు అని రాసేను గానండీ, మీ ఇంట్లో శుభకార్యం ఎప్పుడు?"

నాకు ఒక్కడే కొడుకనీ, పెళ్లంటూ చేసుకుంటే రిజిస్టరాఫీసులోనే అంటున్నాడనీ, పిలుపులూ పందిళ్లూ ఉండవనీ చెప్పాను.

ఆయన కాసేపు ఆలోచించారు. "ఆ పెళ్లికి ముందు నెల్రోజులు నోటీసు పెట్టాలి గదండీ?"

"పెట్టాలండి."

"ఆయ్, అయితే ఇంకేం. ఆ నోటీసు పెట్టిన రోజునే మావాడికి ఒక ఫోన్ కొట్టండి. నెల్రోజులుంటే ఇక్కణ్ణుంచి ఓ బస్సు మాట్లాడుకోవచ్చు."